ఇఱుకు ముద్రాక్షరము : కృష్ణామండల ముద్రణమున దాని స్వభావము, ప్రయోజనములు

మన వాఙ్మయ చరిత్రకారులు కవుల కాలనిర్ణయమునకును, గ్రంథకర్తృత్వ వివాదములకును, పాఠభేదములకును ఇచ్చిన ప్రాధాన్యమును ముద్రాక్షరమునకు ఇచ్చి యుండలేదు. తాళపత్ర ప్రతిని పరిశీలించునపుడు మనము పత్రముల సంఖ్యను, పంక్తుల సంఖ్యను, లేఖకుని దస్తూరిని, లిపి ప్రాచీనతను జాగ్రత్తగా గుర్తింతుము. అదే గ్రంథము అచ్చు ప్రతిగా చేతికి వచ్చినచో ముద్రణ సంవత్సరమును, ప్రకాశకుల పేరును మాత్రము వ్రాసికొని తృప్తిపడుదుము. ఆ పుస్తకము ఎట్టి అక్షరములతో కూర్పబడినది, అవి వెడల్పైనవా, ఇఱుకైనవా, వానివలన పాఠమునకు ఏమైన హాని కలిగినదా యను ప్రశ్న మనకు తోచదు. అచ్చు అక్షరము నిర్దుష్టమైన వాహకమనియు, తప్పున్నచో అది కంపోజిటరుదియో, ప్రూఫు దిద్దినవానిదియో అగుననియు మన విశ్వాసము. ఈ విశ్వాసము పూర్తిగా నిజము కాదని చూపుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఈ విషయమున మాకు శ్రద్ధ గలుగుటకు స్వానుభవమే కారణము. కొన్ని సంవత్సరములకు పూర్వము మా సిద్ధాంత వ్యాసమును గ్రంథరూపమున వెలువరించితిమి. వ్యయము తగ్గుటకై పుటల సంఖ్యను తగ్గింపవలసి వచ్చెను. కూర్పు చేసినవారు అక్షరముల ఎత్తును ఉన్నదున్నట్లుంచి, వెడల్పును మాత్రము నూటికి ఎనుబది పాళ్ళకు కుదించిరి. ప్రూఫులలో ఆ మార్పు మాకు ముచ్చటగానే కనబడెను. ఆ గ్రంథమున ఒకచోట 'ఈ పద్యార్థము పూర్వవ్యాఖ్యాతకు దొరకలేదు' అని వ్రాసియుంటిమి. పద్యభావము వ్యాఖ్యాతకు స్ఫురింపలేదని మా తాత్పర్యము. కొంతకాలమునకు ఒక పరిశోధక విద్యార్థి తన వ్యాసమున మా గ్రంథమునే ప్రమాణముగా జూపి, ఆ వ్యాఖ్యాత చూచిన ప్రతియందు సగము పద్యము లోపించినదని వ్రాసెను. మేము ఆశ్చర్యపడి మా పుస్తకమును తెఱచి చూచితిమి. అచ్చైనది థకారపు ఒత్తే. కాని దానిలోని చుక్క చుట్టుగీతలో కలిసిపోయి 'పద్యార్థము' చూపునకు 'పద్యార్ధము' అయినది. కూర్చినవారు తప్పు కూర్చలేదు. చదివినవాడు తప్పు చదువలేదు. ఆ వెడల్పునకు ఒప్పుకొన్న దోషము మాది. నాటినుండి విజయవాడలోను, చుట్టుపట్ల ఊళ్ళలోను అచ్చైన పుస్తకములను, పత్రికలను అక్షరపు వెడల్పు దృష్టితో చూచుట మాకు అలవాటైనది.

విషయ నిర్దేశము

అచ్చుకూటములలో కండెన్స్‌డ్ టైపు అని వ్యవహరింపబడు దానిని ఇచట ఇఱుకు అక్షరమని పేర్కొందుము. ముద్రాక్షరమునకు ఎత్తు, వెడల్పు, గీత లావు అని మూడు ప్రమాణములు గలవు. ఎత్తును పాయింట్లలో కొలుతురు; అంగుళమునకు సుమారు 72 పాయింట్లు. ఎత్తు మాఱక వెడల్పు తగ్గినచో అది ఇఱుకు అక్షరము. రోమను లిపియందు సాంప్రదాయిక ముద్రాక్షరము లావు సన్నముల భేదము గల గీతలతోను, ఆ గీతల కొనలయందు సెరిఫ్ అనబడు చిన్న అడ్డుగీతలతోను ఒప్పుచుండును. ఇట్టి అక్షరమును ఇఱుకు చేయు ప్రయత్నము ఐరోపాయందు 18వ శతాబ్దికే ప్రబలి యుండెను. ఫ్రెంచి అక్షరశిల్పి ఫూర్నియే 1764–66 నడుమ ప్రకటించిన తన ముద్రణశాస్త్ర గ్రంథమున, నిడుపై యిఱుకైన యొక తెఱగు అక్షరములకు హాలండు అభిరుచి యని పేరు పెట్టెను. హార్లెం నగరమున ఫ్లైష్‌మన్ చెక్కిన అక్షరములు ఆ అభిరుచికి ప్రసిద్ధోదాహరణములు. ఆ కాలముననే ఫ్రాన్సున లూయీ లూస్ అను శిల్పి కవిత్వాక్షరములు అను పేర ఇఱుకు అక్షరములను చెక్కెను. పండ్రెండు మాత్రల వంటి పండ్రెండు అక్షరభాగములు గల ఫ్రెంచి పద్యపాదము విఱుగక ఒక్క పంక్తిలో నిముడుట దాని ప్రయోజనము. తరువాతి కాలమున ఈ యవసరము ప్రధానముగా వార్తాపత్రికలది. 1932లో లండను టైమ్స్ పత్రిక కొఱకు స్టాన్లీ మోరిసన్ పర్యవేక్షణమున సిద్ధమైన టైమ్స్ న్యూ రోమన్ అక్షరము కొంచెము చోటున ఎక్కువ విషయమును ఇముడ్చుటకు పుట్టినదే.

కావున ఇఱుకు అక్షరమునకు ఐరోపాయందు మూడు ప్రయోజనములు కనబడుచున్నవి. కాగితము ఆదా యగుట ఒకటి. పద్యపాదము విఱుగకుండుట రెండవది. శీర్షికకు నిడుపును, బలమును గలుగుట మూడవది. ఈ మూడును తెలుగునకు ఎంతవఱకు చెల్లునని పరీక్షింపవలసి యున్నది. రెండు లిపుల నిర్మాణము వేఱు గనుక ఫలితమును వేఱుగానే యుండును.

శిలాక్షరము, తలకట్టు

ఇఱుకు నిడుపు అక్షరము కృష్ణాతీరమునకు క్రొత్త కాదు. జగ్గయ్యపేట స్తూపమునను, నాగార్జునకొండయందును లభించిన ఇక్ష్వాకుల కాలపు శాసనములయందు అక్షరముల నిలువు గీతలు మిక్కిలి నిడుపుగా సాగి, కొనలయందు వంపు తిరిగి, అలంకారప్రాయములుగా నున్నవి. క్రీ.శ. 3వ శతాబ్దికి చెందిన ఆ శిల్పి చోటు చాలక అక్షరమును నిడుపు చేసెనని చెప్పుటకు వీలులేదు. శిలాస్తంభముపై చోటు కావలసినంత గలదు. నిడుపుదనమున ఒక గాంభీర్యము గలదని అతడు గ్రహించెను. నేటి పత్రికా శీర్షికల నిడుపు అక్షరమును చూచునపుడు మాకు ఆ శాసనములు జ్ఞప్తికి వచ్చుచుండును. ఒకదానినుండి మఱియొకటి పుట్టినదని మేము చెప్పుట లేదు. ఉభయుల అవసరమును ఒకటే యని మాత్రము చెప్పుచున్నాము.

మన తలకట్టు రోమను సెరిఫ్ వంటిదని కొందఱు పోల్చుదురు. ఈ పోలిక సగము నిజము. శాసన లిపులయందు అక్షర శిరమున గనబడు చిన్న గుర్తే క్రమముగా తలకట్టుగా పరిణమించినది. ఆ దశలో అది అలంకారమే. నేటి తలకట్టునకు అంతకు మించిన పని గలదు. రోమను అక్షరమున సెరిఫును తీసివేసినను అక్షరము అదే యక్షరముగా నుండును. తెలుగున తలకట్టు తీసి గుడి పెట్టినచో 'క' పోయి 'కి' వచ్చును. ఎత్వమిచ్చినచో 'కె' యగును. ఖ, జ, ణ, బ, ల వంటి అక్షరములకు తలకట్టే లేదు. కనుక తలకట్టు కంటికి ఆధారపంక్తిగా నుండుటతోపాటు స్వరమునకు స్థానమైనది. ఇచట భట్టిప్రోలు ధాతుకరండములను స్మరింపక తప్పదు. 1892లో అలెగ్జాండర్ రీ వెలికితీసిన ఆ కరండముల లిపియందు, తక్కిన బ్రాహ్మీ లిపులకు భిన్నముగా, అకారము గల హల్లునకు ప్రత్యేకమైన గుర్తు గలదు. గుర్తు లేనిది పొల్లు హల్లు. ఆ గుర్తునకును నేటి తలకట్టునకును వంశసంబంధము చెప్పరాదు. అక్షర శిరమున నుండు చిన్న గీత అర్థభేదకము కాగలదను ఎఱుక మాత్రము ఈ నేలపై అత్యంత ప్రాచీనము.

దీనినుండి మా మొదటి సూత్రము ఏర్పడుచున్నది. రోమను లిపిని ఇఱుకు చేయువాడు అందమునకు మాత్రమే బాధ్యుడు. తెలుగు లిపిని ఇఱుకు చేయువాడు అర్థమునకును బాధ్యుడు. ప, వ అక్షరముల నడుమ భేదము శిరము తెఱచి యుండుటయో, మూసి యుండుటయో. వు, మ అక్షరముల నడుమ భేదము కొమ్ము తగులుకొను తావు. ద, ధ అక్షరముల భేదము క్రింది చిన్న గీత; ధ, థ అక్షరముల భేదము లోపలి చుక్క. గుడికిని, గుడిదీర్ఘమునకును భేదము శిరస్సుపై చిన్న సుడి. ఈ భేదకములన్నియు అక్షరపు కడుపులోనో, అంచులయందో, అడ్డముగా విస్తరించిన చోట నున్నవి. వెడల్పు తగ్గించినచో మొదట దెబ్బతినునవి ఇవియే.

సీసపు దిమ్మ

శిలయందును, తాటాకుమీదను వెడల్పు వ్రాయువాని స్వాధీనము. పంక్తి చివరకు వచ్చునప్పటికి చోటు చాలదని తోచినచో లేఖకుడు నాలుగు అక్షరములను ముందునుండియే దగ్గఱగా వ్రాయును. అచ్చు వచ్చుటతో ఈ స్వాతంత్ర్యము పోయినది. ఉక్కు కడ్డీ కొనపై అక్షరమును చెక్కి, దానిని రాగిపై గొట్టి, ఆ గుంటలో సీసము, తగరము, ఆంటిమొనీ కలిపిన లోహమును పోసి అక్షరపు దిమ్మను చేయుదురు. ఒకసారి పోసిన దిమ్మ వెడల్పు మాఱదు.

తెలుగు అక్షరములు తొలుత ఆంధ్రదేశమునకు వెలుపలనే ఈ రూపము దాల్చినవి. 1746–47లో జర్మనీయందలి హాలే నగరమున బెంజమిన్ షుల్జ్ తెలుగు క్రైస్తవ గ్రంథములను అచ్చువేయించెను. శ్రీరామపురమున 1812లో జరిగిన అగ్నిప్రమాదమున అనేక భాషల అక్షరములు నశించిన పిదప, 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణము అచటనే వెలువడెను. 1816లో క్యాంబెల్ వ్యాకరణము చెన్నపట్టణమున అచ్చైనది. 1852లో బ్రౌను నిఘంటువును, 1854 నుండి వావిళ్ళవారి ముద్రణశాలయు ఆ నగరమునే తెలుగు ముద్రణమునకు కేంద్రము చేసినవి. కృష్ణామండలము వ్రాతలో ముందుండియు అచ్చులో వెనుకబడినది. ఆంధ్రదీపిక యను నిఘంటువును కూర్చిన మామిడి వెంకయ్య మచిలీపట్టణపు వర్తకుడే. అచటనే 1902లో కృష్ణాపత్రిక అవతరించెను; 1907 నుండి ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వమున దేశఖ్యాతి గాంచెను. బెజవాడయందు 1855 నాటికి ఆనకట్ట పూర్తియై కాలువలు పాఱుటయు, తరువాత రైలు దారులన్నియు అచట కలియుటయు ఆ పట్టణమును వర్తకమునకును, దానివెంట ముద్రణమునకును ఆటపట్టు చేసినవి. 1952లో విశాలాంధ్ర అచట స్థాపితమయ్యెను. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన పిమ్మట 1959లో ఆంధ్రప్రభ చెన్నపట్టణమునుండి అచటికి తరలివచ్చెను. 1960లో ఆంధ్రజ్యోతి అచటనే పుట్టెను. ఇట్లు 8 సంవత్సరములలో విజయవాడ తెలుగు దినపత్రికలకు రాజధాని యయ్యెను.

ఇఱుకు అక్షరము దృష్టితో ముద్రణ చరిత్రలో గమనింపవలసిన అంశము మఱియొకటి గలదు. రోమను లిపికి పెద్దచిన్న అక్షరములు, అంకెలు, విరామ చిహ్నములు కలిసి నూఱు చిల్లర రూపములతో ఒక అక్షరవర్గము పూర్తియగును. తెలుగున 35 హల్లులను పండ్రెండేసి గుణింతములతో లెక్కించినను 420 రూపములు. వీనిపై ఒత్తులు వేఱు. కొన్ని గుణింతములను రెండు ముక్కలుగా పోసి కలుపుటవలన ఈ సంఖ్య తగ్గినను, క్రొత్త వెడల్పులో సమగ్రమైన వర్గమును చెక్కించుట మిక్కిలి వ్యయముతో గూడిన పని. ఆ వ్యయమే ఒక రక్షణము కూడ. ఇఱుకు అక్షరము కావలెనన్నచో ప్రత్యక్షరమును శిల్పి మరల చెక్కవలసినదే. చెక్కునపుడు థకారపు చుక్కకు చోటెక్కడ, మకారపు కొమ్మునకు చోటెక్కడ యని అతడు ఒక్కొక్కదాని యెదుట నిలిచి ఆలోచింపవలసినదే. సీసపు దిమ్మను ఎవరును నొక్కి సన్నము చేయజాలరు.

పత్రిక కాలమ్

మొదటి ప్రయోజనము కాగితము ఆదా. స్వాతంత్ర్యానంతరము పత్రికలకు ఇది జీవన్మరణ సమస్య. న్యూస్‌ప్రింట్ ఎక్కువభాగము విదేశములనుండి రావలసి యుండెను. దాని పంపిణీ ప్రభుత్వాధీనము. 1956లో వార్తాపత్రికల ధరను పుటల సంఖ్యతో ముడివేయు చట్టము వచ్చెను. 1960లో దాని ననుసరించి ఉత్తర్వు వెలువడెను. సకాల్ పత్రిక వ్యాజ్యమున సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. 1972–73 న్యూస్‌ప్రింట్ విధానమున పత్రికలకు 10 పుటల పరిమితి విధింపబడగా, 1972లో బెన్నెట్ కోల్మన్ వ్యాజ్యమున అదియు చెల్లదని తీర్పు వచ్చెను. పుటలు పెంచు వీలులేని పత్రిక పుటలో అక్షరములను పెంచజూచుట సహజము.

అయినను తెలుగున ఇఱుకు అక్షరము వలన ఎంత ఆదా యగును? లెక్కకొఱకు అక్షరము సగటున తన పాయింటంత వెడల్పు ఆక్రమించుననుకొందము. కాలమ్ వెడల్పు రెండంగుళములైనచో 144 పాయింట్లు. 10 పాయింటు అక్షరములు పంక్తికి 14 పట్టును. వెడల్పును ఎనిమిదింట ఒక పాలు తగ్గించినచో 16 పట్టును. చూపునకు ఇది లాభమే. కాని తెలుగు పంక్తి లోతును నిర్ణయించునది అక్షరము కాదు. పైన గుడి, క్రింద ఒత్తు. ఇఱుకు అక్షరమున ఒత్తులు స్పష్టముగా కనబడవలెనన్నచో వానికి లోతు నీయవలెను. 12 పాయింట్ల పంక్తి లోతు 13 పాయింట్లైన చాలును, అడ్డముగా వచ్చిన ఆదాలో ఎక్కువభాగము నిలువుగా పోవును. గుణించి చూచినచో మిగులునది నూటికి అయిదు పాళ్ళు మాత్రమే. రోమను లిపికి ఈ నష్టము లేదు. కావున అచట విజయమునకు కారణమైన యుక్తి ఇచట పెద్ద ఫలితము నీయజాలదు.

యంత్రము ఈ సమస్యను మఱింత క్లిష్టము చేసినది. 1886లో న్యూయార్కు ట్రిబ్యూన్ పత్రికలో ప్రవేశించిన మెర్గెంథాలర్ లైనోటైపు యంత్రమునకు 90 మీటలు. అందు అక్షర మాతృకలు ప్రక్కప్రక్కన నిలిచి పంక్తిగా పోతపోయబడును; ఒకదాని క్రింద మఱియొకటి నిలుచుటకు వీలులేదు. తెలుగు ఈ యంత్రమునకు లొంగినపుడు ఒత్తు అక్షరము క్రింది తన సహజస్థానమును వదలి, కుడిప్రక్క క్రిందుగా జరుగవలసి వచ్చెను. ఒత్తు ప్రక్కకు జరిగినచో లోతు తగ్గును గాని వెడల్పు పెరుగును. పెరిగిన వెడల్పును సరిపెట్టుటకు అక్షరమును సన్నగింపవలసి వచ్చును. యంత్రమున కూర్చిన పత్రికా పాఠమున తఱుచుగా గోచరించు బిగువునకు ఈ రెండు ఒత్తిడులే కారణములని మా యభిప్రాయము.

శీర్షికల విషయము వేఱు. శీర్షికలో అక్షరము పెద్దది. చుక్కకు, కొమ్మునకు కావలసిన చోటున్నది. పాఠకుడు దానిని నిలిచి చూచును. నిడుపైన యిఱుకు అక్షరము నాలుగు కాలముల శీర్షికను మూడింట ఇముడ్చుచు, పుటకు నిలకడ నిచ్చును. సినిమా పంపిణీ సంస్థలకు నెలవైన విజయవాడయందు గోడపత్రికల చిత్రకారులును ఇట్టి నిడుపు అక్షరమునే చేతితో వ్రాసిరి. నిఘంటువులలో ఆరోపపదములకును, పంచాంగముల గళ్ళకును ఇది తగియున్నది. అచట పాఠకుడు వెదకువాడే గాని ఏకధాటిగా చదువువాడు కాడు.

పద్యపాదము

రెండవ ప్రయోజనము తెలుగువారికి అన్నిటికంటె ముఖ్యమని మేము తలంచుచున్నాము. తాళపత్రములయందు పద్యమును గద్యమువలె ఏకధాటిగా వ్రాసెడివారు. అచ్చు పుస్తకమున పాదమునకొక పంక్తి నిచ్చు మర్యాద స్థిరపడినది. యతిస్థానము, ప్రాసాక్షరము కంటికి కనబడునట్లు చేయు ఈ మర్యాద ఛందోబోధకు మహోపకారి. కాని మన వృత్తములు దీర్ఘములు. శార్దూలమునకు పాదమునకు 19 అక్షరములు, ఉత్పలమాలకును మత్తేభమునకును 20, చంపకమాలకు 21.

మన పుస్తకములకు చిరకాలముగా అలవాటైన క్రౌను ఎనిమిదవ వంతు పుట వెడల్పు 5 అంగుళములు. ఇరుప్రక్కల అంచులు పోగా మిగులునది సుమారు మూడున్నర అంగుళములు, అనగా 252 పాయింట్లు. 12 పాయింటు అక్షరములతో చంపకమాల పాదము సరిగా 252 పాయింట్లగును. పదముల నడుమ ఖాళీకి చోటు లేదు. పద్యమునకు మర్యాదగా 14 పాయింటు అక్షరము వాడినచో 294 పాయింట్లగును. పాదము విఱిగి చివరి మూడక్షరములు రెండవ పంక్తికి దిగజారును. పుట చిన్నదై పద్యము పెద్దదైన ప్రతిచోటను ఈ దిగజారిన తునకలు కనబడుచునే యున్నవి. ప్రాసాక్షరమును వెదకు విద్యార్థికి అవి పాదములవలె భ్రాంతి గొల్పును.

ఇచట 14 పాయింటు ఎత్తుతో, 12 పాయింటు వెడల్పుతో చెక్కిన ఇఱుకు అక్షరమున్నచో చంపకమాల పాదము ఏడింట ఒక పాలు సన్నగిలి, పుట వెడల్పునకు సరిగా వచ్చును. ఒత్తు క్రిందనే నిలిచిన అక్షరముల సగటు వెడల్పు ఇంకను తగ్గును గనుక ఖాళీలకును కొంత దొరకును. పద్యపంక్తుల నడుమ లోతు ఎటులను ఎక్కువగా నుండును గనుక పత్రికా కాలమునందలి నష్టము ఇచట లేదు. అంతేకాదు, పద్యమునకు సహజమైన కావలి యొకటి గలదు. గుడికి గుడిదీర్ఘమని భ్రమించినచో గణము చెడును; వళి తప్పినచో అక్షరము ననుమానింపవచ్చును. హ్రస్వదీర్ఘముల పొరపాటును ఛందస్సు పట్టియిచ్చును. గద్యమునకు ఆ కావలి లేదు. కావున తెలుగు ఇఱుకు అక్షరమునకు శీర్షిక తరువాత అత్యంత యోగ్యమైన స్థానము పద్యపాదమే గాని, దానిని మనము ఎక్కువగా వాడుచున్నది గద్యమునందు. ఇది విపరీతము.

చెక్కిన యిఱుకు, నొక్కిన యిఱుకు

కంప్యూటరు కూర్పు వచ్చుటతో పరిస్థితి మూలముట్టుగ మాఱినది. విజయవాడ ముద్రణశాలలలో సీసపు కేసులు క్రమముగా తొలగిపోయి, వాని స్థానమున డి.టి.పి. వచ్చినది. అక్షరపు వెడల్పును శాతములలో మార్చు వసతి కూర్పరి వ్రేలికొనకు అందినది. శిల్పి నెలలకొలది శ్రమించి నిర్ణయింపవలసిన విషయమును క్షణములో ఎవరైనను నిర్ణయింపగలరు.

ఇట్లు నొక్కిన అక్షరమునకును, చెక్కిన అక్షరమునకును భేదమేమి? నూటికి ఎనుబది పాళ్ళకు నొక్కినపుడు నిలువు గీతల లావు అయిదింట ఒక పాలు తగ్గును. అడ్డగీతల లావు తగ్గదు. లావు సన్నముల సమతూకము చెడును. చుట్టుగీత గ్రుడ్డువలె సన్నగిలి, లోపలి తెల్లని చోటు కుంచించును. ఒత్తు స్వతహాగా చిన్నది. దాని కడుపులోని చుక్కకు, చుట్టుగీతకు నడుమ నున్న వెలితి నూలుపోగంత. ఆ వెలితి తగ్గినచోట సిరా చేరి మూసికొనును. చెక్కు శిల్పి చుక్కను చిన్నది చేసియో, ఒత్తును మాత్రము నొక్కక విడిచియో ఆ వెలితిని కాపాడును. యంత్రము చుక్కకును, చుట్టునకును ఒకే న్యాయము నమలుపఱచును. మా 'పద్యార్థము' ఈ న్యాయమునకే బలియైనది.

చెక్కిన యిఱుకునకు నేడు అవకాశము లేకపోలేదు. 1991లో తెలుగు లిపి యూనికోడున స్థానము పొందిన పిదప మంచి ఫాంట్లు క్రమముగా వచ్చినవి. తిరుమల కృష్ణదేశికాచార్యులు కూర్చిన పోతన, వేమన ఫాంట్లు అందఱకు పరిచితములే. కృష్ణామండలమున అవనిగడ్డకు చెందిన మండలి వెంకటకృష్ణారావు పేర మండలి యను ఫాంటు వెలసినది. 2015లో ప్రారంభమైన మూర్తి ప్రాచ్య గ్రంథమాలలో అల్లసాని పెద్దన మనుచరిత్రము ఆంగ్లానువాద సహితముగా వెలువడెను. ఆ గ్రంథమాల కొఱకు సిద్ధపఱచిన సాంప్రదాయిక అక్షరమునకు సంబంధించిన టిరో తెలుగు ఫాంటు నేడు అందఱకు ఉచితముగా లభించుచున్నది. 2022లో వచ్చిన అనేక్ తెలుగు ఫాంటునందు వెడల్పు 75 నుండి 125 పాళ్ళ వఱకు శిల్పులే నిర్ణయించి యిచ్చిరి. అది ఒకే లావు గీతల అక్షరము గనుక శీర్షికకు తగును. లావు సన్నములు గల సాంప్రదాయిక అక్షరమున ఇట్టి చెక్కిన యిఱుకు రూపము పద్యముద్రణము కొఱకు అవసరము.

ఉపసంహారము

ఈ పరిశీలనమునుండి తేలిన సారాంశమిది. తెలుగున ఇఱుకు అక్షరపు గుణమును ఆదాయైన కాగితముతో కొలువరాదు. భేదకములు నిలిచినవా, లేదా యను దానితో కొలువవలెను. శీర్షికకును, పద్యపాదమునకును అది తగును. చిన్న అక్షరముల గద్యమునకు తగదు. చెక్కిన యిఱుకు విద్య. నొక్కిన యిఱుకు ప్రమాదము.

పరిశోధక విద్యార్థులకు దీనివలన మూడు కర్తవ్యములు ఏర్పడుచున్నవి. ముద్రిత ప్రతిని వర్ణించునపుడు అక్షరపు పరిమాణమును, వెడల్పును, పంక్తుల ఎడమును గుర్తింపవలెను. థ–ధ ఒత్తులు, ప–వ, మ–వు, గుడి–గుడిదీర్ఘము మీద ఆధారపడిన నిర్ణయము చేయుటకు ముందు, వెడల్పైన అక్షరములతో అచ్చైన మఱియొక ప్రతిని తప్పక చూడవలెను. పాత పుస్తకములు నేడు ఛాయాచిత్రములుగా మాఱి, యంత్రముచే చదివింపబడుచున్నవి. మనిషి ఒకచోట పొరబడిన యక్షరమున యంత్రము వేయిచోట్ల పొరబడవచ్చును గనుక ఈ జాగ్రత్త మఱింత అవసరము. మూడవది, మిగిలియున్న సీసపు అక్షరములను, అక్షర నమూనా పుస్తకములను సేకరించుట. తూకమునకు పోయిన దిమ్మలు తిరిగి రావు. ఏ అక్షరమున ఏ చుక్క ఎంత యెడముతో నిలిచెనో తెలుపు ప్రత్యక్ష సాక్ష్యము అవియే.

మా పుస్తకపు రెండవ ముద్రణమున ఆ వాక్యమును మార్చి 'ఈ పద్యభావము' అని వ్రాసికొంటిమి. అక్షరమునకు వెఱచి పదమును మార్చుకొనుట పరాజయమని మాకు తెలియును. అట్టి యవసరము లేని అక్షరమును, అట్టి యవసరమును ముందే కనిపెట్టు పరిశోధకులును మన శాఖలనుండి వత్తురు గాక.